నీటి స్కేలుకు పడవంత గేటు

నది ఒడ్డుకు ఏ రంగు వేయాలో తేల్చడానికి పురపాలక సంఘానికి నాలుగు సమావేశాలు పట్టింది. ఆమోదం పొందిన రంగులు ఐదు: ఇసుక, రాయి, పొగమంచు, పావురం, బూడిద. ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎండలో నాలుగు ఒకేలా ఉంటాయి. మబ్బు పడితే ఐదూ ఒకేలా ఉంటాయి. ఆ నాలుగు సమావేశాల్లోనూ చివరి వరుసలో, తలుపు పక్కనున్న కుర్చీలో, ఒళ్ళో ఒక పాత రిజిస్టరు పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. అతని వంతు నాలుగో సమావేశం చివర వచ్చింది. మాట్లాడటానికి ఇచ్చినది మూడు నిమిషాలు.

ఊళ్ళో అతన్ని మిల్లీమీటరు అంటారు. ఆ పేరు ఇరవై ఆరేళ్ళ క్రితం ఒక వరదలో వచ్చింది. పై అధికారి ఫోన్ చేసి, "నీళ్ళెంతున్నాయి? నాలుగు మీటర్లు అనుకోవచ్చా?" అని అడిగాడట.

"మూడు మీటర్ల తొంభై ఏడు సెంటీమీటర్లండీ."

"నాలుగని రాసెయ్యవయ్యా, ఏం కొంప మునిగింది?"

"కొంపలు ఎటూ మునిగాయండీ. అయినా లేని మూడు సెంటీమీటర్ల నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చి పొయ్యమంటారు?"

అధికారి ఆ మాటను కోపంగా నలుగురికి చెప్పాడు. నలుగురూ నవ్వుకుంటూ నలభై మందికి చెప్పారు. పేరు స్థిరపడింది.

అతని ఉద్యోగం నదీమట్టం నమోదు చేయడం. ఊరి పొడవునా అతని చేతి కింద రెండు స్కేళ్ళున్నాయి. ఒకటి వంతెన స్తంభానికి, రెండోది పాత రాతిగోడకు. ఒక్కొక్కటి ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుప పలక. తెల్లని పూత మీద నల్లని గీతలు, ప్రతి మీటరు దగ్గర ఎర్రని అంకె. రోజూ ఉదయం ఎనిమిదింటికి అతను వాటి ముందు నిలబడతాడు. అలలున్నప్పుడు నీరు గీత మీద నిలవదు కాబట్టి, ఒక నిమిషంపాటు చూసి, ఎక్కిన ఎత్తుకూ దిగిన ఎత్తుకూ నడుమ ఉన్న అంకెను రాస్తాడు. రిజిస్టరులో నాలుగు గడులు: తేదీ, సమయం, మట్టం, వివరణ. ముప్పై ఒక్క ఏళ్ళలో నాలుగో గడిలో అతను రాసినవి మూడే మాటలు: తేట, బురద, చెత్త. ఈ మూడింటిలో ఆ రోజుకు వర్తించేది ఒకటి.

అతను ఉండేది అక్క ఇంటి మేడ మీది గదిలో. అక్క అతని కంటే ఐదేళ్ళు పెద్దది. ఆమె పని చెక్క పడవల సందులు పూడ్చడం. పలకకూ పలకకూ మధ్య పాత నారను ఉలితో తీసేసి, నూనెలో నానబెట్టిన కొత్త జనపనారను కొయ్యసుత్తితో కొట్టి, పైన వేడి తారు పూస్తుంది. నార ఎక్కువ కొడితే పలక చీలుతుంది. తక్కువ కొడితే నీరు కారుతుంది. ఎంత కొట్టాలో ఆమె సుత్తి చప్పుడును బట్టి చెబుతుంది. ఆమె భర్త పలకలు కోసి బిగిస్తాడు. నలభై ఏళ్ళు డొల్ల పడవల్లో కూర్చుని మేకులు కొట్టడంతో అతని కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోయాయి. అందుకే ఆ ఇంట్లో రహస్యాలుండవు.

"మా తమ్ముడికి పెళ్ళెందుకు కాలేదంటారేమిటి?" అని అక్క పడవలవాళ్ళతో అంటూ ఉంటుంది. "ఒక మంచి సంబంధం వస్తే, ఆలోచించి చెప్తానన్నాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఇంకా అంకెల మధ్య చుక్కలు పెట్టుకుని లెక్క సరిచూస్తున్నాడు."

షెడ్డు ముందు నుంచి నదిలోకి రాతితో కట్టిన ఏటవాలు రేవు ఉంది. ఐదు మీటర్ల వెడల్పు, ఇరవై రెండు మీటర్ల పొడవు. పడవను నీటిలోనే చక్రాల బండి మీదికి ఎక్కించి, మోకు కట్టి, కప్పీతో ఆ వాలు మీదుగా షెడ్డులోకి లాగుతారు. ఏడాదికి పదకొండు పడవలు అలా పైకి వచ్చి, బాగుపడి, అలాగే కిందికి వెళతాయి. ఆ రేవు లేకపోతే షెడ్డు ఒక గది. అక్క చేతిలో సుత్తి ఒక కర్ర.

ఒక ఉదయం షెడ్డు తలుపు మీద కాగితం అంటించి ఉంది. నది ఒడ్డున కిలోమీటరున్నర మేర ‘విహార జోను’గా ప్రకటించారని, అంతటా ఒకే ఎత్తు నడకదారి, ఒకే రకం రెయిలింగు వస్తాయని, పాత వాడుకలు ఏవైనా మూల పటంలో ఉంటేనే కొనసాగుతాయని దాని సారాంశం. అక్క చేతులకున్న తారు తుడుచుకోకుండానే బయల్దేరింది. తమ్ముడు వెంట వెళ్ళాడు.

ప్రణాళికాధికారి మర్యాదస్తుడు. బల్ల మీద పటం పరిచి, పెన్సిలు కొసతో చూపించాడు.

"ఇదిగోనమ్మా, మీ షెడ్డు. నలభై ఒకటో నంబరు. దాన్ని ఎవరూ ముట్టుకోరు."

"షెడ్డు ముట్టుకోకపోతే సరిపోతుందా బాబూ? దాని ముందు రేవేది?"

"రేవు లేదు."

"నిన్న సాయంత్రం దాని మీదే కూచుని టీ తాగాం."

"తాగి ఉండొచ్చమ్మా. పటంలో లేదు."

"మరి పటంలో అక్కడేముంది?"

అధికారి వంగి చూశాడు. షెడ్డు ముందంతా నీలిరంగు. "నీళ్ళు."

"అంటే నిన్న మేం నీళ్ళ మీద కూచున్నామన్నమాట!" అంది అక్క. "ఇంకేం, మనుషులకే నీళ్ళ మీద కూచోవడం వచ్చేశాక ఇక పడవలెందుకు?"

అధికారి నవ్వలేదు. రెయిలింగు ఊచల మధ్య సందు పది సెంటీమీటర్లకు మించరాదని, కాబట్టి షెడ్డు ముందు కూడా అది తెగకుండా సాగుతుందని వివరించాడు. "పది సెంటీమీటర్ల సందులోంచి పడవెలా వస్తుంది?" అని అక్క అడిగితే, "నీళ్ళలోంచి షెడ్డులోకి పడవ రావలసిన అవసరం పటం ప్రకారం లేదమ్మా" అన్నాడు. అందులో ద్వేషమేమీ లేదు. పెన్సిలుతో చెవి గోక్కుంటూ అన్నాడు.

మిల్లీమీటరు అక్కడ ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఈ సర్వే ఏ తేదీన చేశారండీ?"

పటం అడుగున, కుడి మూల, చిన్న అక్షరాల్లో తేదీ ఉంది. పంతొమ్మిదేళ్ళ క్రితం వానాకాలంలో ఒక రోజు. అతను దాన్ని చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏటి రిజిస్టరు తీసి చూస్తే ఆ తేదీకి ఎదురుగా 3.42 అని, పక్కన ‘బురద’ అని ఉంది. ఇక తేలవలసినది రేవు పైఅంచు ఎత్తు. దానికి అతను పెద్ద పరికరాలేవీ తేలేదు. ముప్పై మీటర్ల పారదర్శకపు గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, ఒక కొసను స్కేలు దగ్గర తాను పట్టుకున్నాడు. రెండో కొసను రేవు పైరాయి మీద అక్క పట్టుకుంది. గొట్టంలో నీరు రెండు కొసల్లోనూ ఒకే మట్టానికి వస్తుంది. అటు రాయి నుంచి, ఇటు స్కేలు మీద, కొలిస్తే చాలు.

"కదపకక్కా."

"నేను కదపట్లేదు, నది కదుపుతోంది."

"గొట్టంలో నీళ్ళకి నదితో పనిలేదు. నీ చెయ్యి ఊగుతోంది."

"అరవై ఏళ్ళ చెయ్యిరా ఇది. ఊగుతుంది. ఎంత ఊగిందో అది కూడా రాసుకో."

నాలుగుసార్లు కొలిచాడు. మూడుసార్లు 3.30 వచ్చింది, ఒకసారి మాత్రం అర సెంటీమీటరు తేడా. అంటే సర్వేవాళ్ళు వచ్చిన రోజున రేవు మొత్తం నీటి కింద ఉంది. పైరాయి మీద పన్నెండు సెంటీమీటర్ల బురద నీరు. ఆ ఏడాదిలో నది రేవును పూర్తిగా ముంచినది నాలుగు రోజులే. వాళ్ళు గొడుగులు వేసుకుని వచ్చినది ఆ నాలుగింటిలో మూడో రోజు. మూడొందల అరవై ఒక్క రోజులు కళ్ళెదుట ఉన్న రాయిని, లేదని రాసుకుని వెళ్ళారు. మళ్ళీ ఎవరూ వచ్చి చూడలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పటానికి నకళ్ళు తీస్తూ, నకళ్ళకు నకళ్ళు తీస్తూ, దాని మీద జోన్లు గీస్తూ వచ్చారు.

కొత్త ఒడ్డుకు సంబంధించిన ‘రూపకల్పన ప్రమాణాలు’ అనే పుస్తకాన్ని అతను కార్యాలయం నుంచి అరువు తెచ్చి మొత్తం చదివాడు. నూట పన్నెండు పేజీలు. మామూలుగా అతనికి చదివిన దాని మీద అభిప్రాయాలు కలగవు. తప్పొప్పులు కనిపిస్తాయి, అంతే. ఈ పుస్తకం మాత్రం అతనిలో ఒక వెగటును పుట్టించింది. నది చూడటానికి బెంచీలు వేస్తారట. బెంచీ మీద కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి మీటరు పదిహేను సెంటీమీటర్లు. ఎదురుగా రెండు మీటర్ల దూరంలో రెయిలింగు. దాని ఎత్తు మీటరు పది. నడకదారికి రెండు మీటర్ల కింద నీరు. రెయిలింగు పైనుంచి సాగిన చూపు నీటిని తాకేది నూట ఇరవై ఆరు మీటర్ల అవతల. నది వెడల్పు నూట పది. అంటే అక్కడ కూర్చున్నవాడికి రెయిలింగు పైనుంచి నది కనిపించదు. ఎదుటి ఒడ్డు మీది గడ్డి కనిపిస్తుంది. నది కావాలంటే ఖైదీలా ఊచల మధ్య నుంచి చూసుకోవాలి. లెక్కను రెండుసార్లు సరిచూసి, పుస్తకం మూసి, చేతులు కడుక్కున్నాడు. చేతులకు ఏమీ అంటలేదు. అయినా కడుక్కున్నాడు.

నాలుగో సమావేశం అలా వచ్చింది. రెయిలింగు రంగు మీద చర్చ నలభై రెండు నిమిషాలు సాగింది. ఒక సభ్యుడు పావురం రంగు కావాలన్నాడు.

"మా డాబా నిండా పావురాలే. ఒక్కటీ ఈ రంగులో లేదు" అన్నాడు పక్కాయన.

పెద్ద నగరం నుంచి వచ్చిన డిజైనరు సర్దిచెప్పింది. "ఇది పావురం మెడ రంగండీ."

"మెడ నీలంగా ఉంటుందమ్మా."

"అయితే పొట్ట."

పొట్ట మీద ఓటింగు జరిగింది. నెగ్గింది.

తర్వాత మిల్లీమీటరును పిలిచారు. అతను రిజిస్టరు తెరిచి, తేదీ చదివి, మట్టం చదివి, రేవు ఎత్తు చదివాడు. గొట్టంతో కొలిచిన పద్ధతిని, నాలుగు కొలతలను, అర సెంటీమీటరు తేడాతో సహా చెప్పాడు. స్కేలుకూ రేవుకూ మధ్య ఇరవై ఆరు మీటర్ల దూరముందని, ఆ దూరంలో నది వాలు రెండు మిల్లీమీటర్లకు మించదని కూడా చెప్పాడు. ఇంకా నలభై సెకన్లు మిగిలాయి.

"అంటే చివరికి మీరేమంటారు?" అన్నాడు అధ్యక్షుడు.

"పటంలో నీళ్ళున్న చోట రేవుందండీ. ఆ రోజు దాని మీద పన్నెండు సెంటీమీటర్ల నీళ్ళున్నాయి. బురద కాబట్టి అడుగు కనిపించలేదు."

అప్పుడు డిజైనరు కుర్చీలోంచి లేచింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఎంత అద్భుతం! నీటి అడుగున, పంతొమ్మిదేళ్ళుగా, ఎవరికీ తెలియని ఒక చారిత్రక కట్టడం!"

"నీటి అడుగున కాదండీ. నాలుగు రోజులే..." అన్నాడు మిల్లీమీటరు. అతని మూడు నిమిషాలూ అయిపోయాయి.

తీర్మానం అక్కడికక్కడే రాశారు. మూల పటాన్ని సవరిస్తారు. రేవును ‘జల వారసత్వ నిర్మాణం’గా గుర్తిస్తారు. వారసత్వ నిర్మాణాలను వాడితే అరిగిపోతాయి కాబట్టి, పై నుంచి కింది దాకా చుట్టూ రెయిలింగు పెట్టి, మూడు దీపాలు, ఒక బోర్డు ఏర్పాటు చేసి శాశ్వతంగా పరిరక్షిస్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు అతని కోసమేనని అతనికి కొంత ఆలస్యంగా అర్థమైంది. అతను బయటికి వచ్చి, భవనం వెనక్కి వెళ్ళి, మురుగు కాలువలోకి ఉమ్మేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ప్రభుత్వ ఆవరణలో ఉమ్మడం అదే మొదటిసారి.

అక్క షెడ్డు గుమ్మంలో ఎదురు చూస్తోంది.

"ఏమన్నారు? రేవుందన్నారా?"

"ఉందన్నారు."

"హమ్మయ్య. అయితే వాడుకోవచ్చన్నమాట."

"వాడకూడదన్నారు."

"అదేంట్రా? లేదన్నప్పుడు వాడకూడదన్నారు, సరే. ఉందన్నాక కూడానా?"

"ఉంది కాబట్టే వాడకూడదట."

"నువ్వేమన్నావు మరి?"

"పన్నెండు సెంటీమీటర్లన్నాను."

"నీ పన్నెండు సెంటీమీటర్లు తగలెయ్య!" అంది. వెంటనే, "నిన్ను కాదులే" అని లోపలికి వెళ్ళిపోయింది. షెడ్డులో నుంచి బావ కేక వినిపించింది: "ఏమంటున్నారు? గెలిచామా?" తర్వాత మరోసారి, ఇంకా గట్టిగా.

రెయిలింగు పనులు వంతెన వైపు నుంచి మొదలయ్యాయి. రోజుకు ఇరవై మీటర్ల చొప్పున అది రేవు వైపు వస్తోంది. ఈలోగా స్కేలు విషయమై ప్రణాళికాధికారి ఫోన్ చేశాడు.

"ఏమండీ, ఆ ఎరుపూ నలుపూ మన రంగుల పట్టికలో లేవు. పావురం మీద పొగమంచు అంకెలు వేయిద్దామంటున్నారు."

"బూడిద మీద బూడిద ఎలా కనిపిస్తుందండీ?"

"చూడటం మీ పని కదండీ. అలవాటైపోతుంది. లేదంటే పాతగోడకి ఎటూ రాతి పలకలు వస్తున్నాయి, స్కేలు వేరే చోటికి మార్చుకోండి. పుస్తకంలో మినహాయింపులున్నాయేమో చూడండి."

అతను చూశాడు. తొంభై ఒకటో పేజీలో ఒక వాక్యముంది: వారసత్వ నిర్మాణాల లోపల అమర్చిన శాస్త్రీయ పరికరాలకు రంగు నిబంధన, రెయిలింగు నిబంధన, వాడుక నిబంధన వర్తించవు, నిర్వహణకు అవసరమైన ప్రవేశమార్గాన్ని సంబంధిత శాఖ పేర్కొన్న కొలత ప్రకారం ఏర్పాటు చేయవలెను. రంగు కోసం వెతికినవాడికి రెయిలింగు దొరికింది. రేవు పక్కగోడ స్కేలుకు నిజంగానే మంచి చోటు. వేసవిలో నీరు బాగా తగ్గినా అక్కడ అంకె అందుతుంది. అంతవరకు అతని మనసులో మచ్చలేదు.

మచ్చంతా ఫారంలో ఉంది. ఒక పేజీ; నాలుగు గడులు. పరికరం: నీటిమట్టపు స్కేలు. స్థలం: వారసత్వ రేవు, ఎడమ పక్కగోడ. మూడో గడి: నిర్వహణకు లోపలికి తేవలసినవి. నాలుగో గడి: అందుకు కావలసిన వెడల్పు. నిజం రాస్తే మూడో గడిలో ఒక తడిగుడ్డ, ఒక బకెట్టు. నాలుగో గడిలో అరవై సెంటీమీటర్లు. అతను పెన్సిలుతో అదే రాశాడు. రాసి, సంతకం పెట్టకుండా, మూడు రోజులు బల్ల మీద ఉంచాడు.

మూడో రోజు ఉదయం స్కేలు చూసి వస్తుంటే రేవు దగ్గర ఒక పడవ యజమాని నిలబడి ఉన్నాడు. రెయిలింగు అప్పటికి యాభై మీటర్ల దూరంలో ఉంది.

"ఏమనుకోకమ్మా" అంటున్నాడు ఆ మనిషి. "ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దిగువన ఇంకో షెడ్డుందట. వాళ్ళ సుత్తి నీ సుత్తి కాదు. కానీ ఏం చెయ్యమంటావు? పడవని ఊచల మధ్య దూర్చలేను కదా."

"పో నాయనా, పో. పడవ ముఖ్యం. ముందు ఎడమ పక్క నాలుగో సందు చూడమను, అక్కడ పలక పలచబడింది. గట్టిగా కొట్టొద్దని చెప్పు."

పడవ యజమాని వెళ్ళాక అక్క కొయ్యసుత్తికి నూనె రాసి, పాత చీర ముక్కలో చుట్టడం మొదలుపెట్టింది. ఆ సుత్తి పిడి మీద ఆమె బొటనవేలి ఆకారంలో గుంట పడి ఉంటుంది. లోతు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. తమ్ముడు ఆ గుంట గుడ్డలో కనిపించకుండా పోయేదాకా చూసి మేడ మీదికి వెళ్ళాడు.

పెన్సిలు రాతను చెరిపేశాడు. మూడో గడిలో సిరాతో ‘చక్రాల బండి మీద చెక్క పడవ’ అని రాశాడు. నాలుగో గడికి ముందు కిందికి దిగి, నలభైసార్లు చూసిన బండినే మళ్ళీ టేపుతో కొలిచాడు. మూడు మీటర్ల ఇరవై. అటూ ఇటూ ఇరవై సెంటీమీటర్ల ఖాళీ కలిపితే మూడు అరవై. అబద్ధానికి కూడా కొలత తప్పకుండా తీసుకున్నాడు. సంతకం పెడుతున్నప్పుడు నోట్లో తారు నమిలినట్టు అనిపించింది.

ఫారం ఎనిమిది రోజుల్లో ఆమోదం పొంది వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. జానెడు వెడల్పు పలకను తుడవడానికి పడవెందుకని అధికారి అడగలేదు, అధ్యక్షుడు అడగలేదు. పన్నెండు సెంటీమీటర్ల నిజానికి మూడు నిమిషాలిచ్చినవాళ్ళు ఈ పడవకు అర నిమిషం కూడా వెచ్చించలేదు. అడిగినవాడు ఒక్క బావే.

"నీ స్కేలుకి పడవెందుకు బావమరిదీ?" అన్నాడు, వీధి చివరిదాకా వినిపించేలా.

"తుడవడానికి."

"గుడ్డ చాలదూ?"

"గుడ్డకి గేటివ్వరు బావా."

బావ ఆ మాట విన్నాడో, పెదవుల కదలికను చదివాడో గాని, ఒక మేకుల డబ్బా మీద కూలబడి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అక్క నవ్వలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది; చొక్కా మీద తారు ముద్ర పడింది. "అన్నం తిన్నావుట్రా?" అంది. అతను తినలేదు. ఆ రోజు తినబుద్ధి కాలేదు.

గేటు పావురం పొట్ట రంగులో వచ్చింది. తాళంచెవి ఒకటే, అది మిల్లీమీటరుది. గేటుకు ఎడమ పక్క ‘ఈ కట్టడాన్ని తాకరాదు’ అనే బోర్డు, దాని పక్కనుంచే మోకుతో పైకి వస్తున్న పడవ. ఒక రోజు ప్రణాళికాధికారి అటుగా నడుస్తూ ఆగాడు. రేవు మీద పడవ, పడవ కింద బండి, బండి వెనక అక్క అరుపులు.

"ఇదేమిటండీ?"

"నిర్వహణ" అన్నాడు మిల్లీమీటరు.

అధికారి ఆలోచించి, "ఆ, ఫారంలో ఉంది" అని నడక సాగించాడు.

అక్క సుత్తి మళ్ళీ గుడ్డలోంచి బయటికి వచ్చింది. దిగువకు పోయిన పడవ కూడా మరుసటి ఏడు తిరిగి వచ్చింది. నాలుగో సందులో పలక చీలి ఉంది. "చెప్పానా, గట్టిగా కొట్టొద్దని?" అని అక్క ఆ యజమానిని పొద్దంతా తిట్టి, పడవను బాగుచేసింది. కథ ఇంతటితో అయిపోతే మిల్లీమీటరు ఆ ఒక్క ఫారాన్ని మరిచిపోగలిగేవాడేమో.

ఆ ఏడాదే ప్రమాణాల పుస్తకం రెండో కూర్పు వెలువడింది. అతను అలవాటుగా మొదటి పేజీ నుంచి చదివాడు. తొంభై మూడో పేజీలో కొత్త వాక్యం కనిపించింది: నీటిమట్టపు స్కేలు ఉన్న ప్రతి చోట, నడకదారి రెయిలింగులో 3.6 మీటర్ల వెడల్పు గల గేటు ఉండవలెను. మరో నెలకు వంతెన దగ్గర రెయిలింగును కోసి గేటు పెట్టారు. అక్కడ రేవు లేదు, మెట్లు లేవు. స్తంభం మీది స్కేలును ఒడ్డు నుంచే చూస్తారు. గేటు తెరిస్తే ఎదురుగా గాలి. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల కింద రాళ్ళు. గడియ మాత్రమే ఉంది, తాళం లేదు. సాయంత్రాలు పిల్లల్ని వెంటబెట్టుకుని జనం తిరిగే చోటది.

అతను ఉత్తరం రాశాడు. ఆ గేటు అవసరం లేదని, ప్రమాదకరమని, లోతు ఇంత అని, మూసేయమని. రెండు వారాలకు జవాబు వచ్చింది. ప్రమాణాలు ఒడ్డంతా ఏకరూపంగా ఉండాలని, అయినా ఈ కొలతను ప్రతిపాదించినది ఆయన శాఖేనని, ఆధారంగా ప్రతిని జతపరిచామని, వారి సాంకేతిక సహకారానికి కృతజ్ఞులమని అందులో ఉంది. జతపరచిన కాగితం అతని ఫారం. కింద సంతకం అతనిదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ నిజం రాసిన చేతిని పట్టుకుని, ఆ ఊరు తన పుస్తకంలోకి ఎక్కించుకున్నది ఆ చేయి రాసిన ఒకే ఒక్క అబద్ధాన్ని.

అక్కకు ఆ కాగితం చూపించాడు. ఆమె చదివి, మడిచి తిరిగి ఇచ్చింది.

"నా రేవు కోసం రాశావు. పాపం నాది కూడా. వాళ్ళకి నిజం చెప్పెయ్యనా?"

"చెప్తే ఆ గేటు తియ్యరక్కా. నీ గేటు తీసేస్తారు."

"ఛీ" అంది అక్క. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నదో అతను అడగలేదు.

మర్నాడు అతను దుకాణానికి వెళ్ళి ఒకటిన్నర మీటర్ల గొలుసు, ఒక ఇత్తడి తాళం తెచ్చాడు. గొలుసు ఆమోదిత రంగుల్లో లేదు. ఎవరైనా అడిగితే నిర్వహణ అని చెప్పాలనుకున్నాడు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అతని జేబులో రెండు తాళంచెవులున్నాయి. ఒకటి రోజూ తెరవడానికి, ఒకటి ఎప్పుడూ తెరవకుండా ఉండటానికి. ఉదయం వంతెన దగ్గర స్కేలు చూశాక గొలుసును పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగుతాడు. తర్వాత రేవుకు వచ్చి గేటు తెరిచి, ఒక నిమిషం నీటిని చూసి, అంకె వేస్తాడు. వెనక షెడ్డులో సుత్తి చప్పుడు అప్పటికే మొదలై ఉంటుంది. రిజిస్టరు నాలుగో గడిలో తేట, బురద, చెత్త అనే మూడు మాటల్లో ఆనాటిది ఒకటి రాసి, దాని కింద చిన్న అక్షరాలతో నాలుగో సంగతి కూడా రాస్తున్నాడు. అది నీటికి సంబంధించినది కాదు. ఆ గడి అందుకోసం పెట్టినదీ కాదు. అయినా గొలుసు కొన్న రోజు నుంచి ఒక్క రోజూ తప్పలేదు.

వంతెన గేటు: తాళం వేసి ఉంది.